శివారు కుళాయి నీళ్ళు

(కోనసీమలో ఒక గ్రామ పంచాయతీ ఆవరణలో, చుట్టుపక్కల ఊళ్ళ సర్పంచులు, వార్డు సభ్యులు, పొదుపు సంఘాల మహిళల ముందు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడినవారు గ్రామీణ నీటి సరఫరా పనుల్లో చాలాకాలం ఉండి రిటైరైన ఇంజనీరు.)

అందరికీ నమస్కారమండి.

ముందు ఈ బల్ల మీదున్న రెండు సీసాలు చూడండి. వెనక కూర్చున్న అమ్మలకి కనబడవు కాబట్టి ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని చూడండి. మూతలు మాత్రం తీయకండి. మొన్న సాయంత్రం మీ ఊళ్ళో బస్సు దిగీదిగగానే ఈ రెండింట్లోనూ నీళ్ళు పట్టాను. ఒకదాంట్లో మీ ఓవర్‌హెడ్ ట్యాంకు కిందున్న కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో కాలువ అవతల కాలనీలో ఆఖరి ఇంటి కుళాయి నీళ్ళు. రెండూ ఒకే పంపు నీళ్ళు, ఒకే ట్యాంకులోంచి దిగినవి, అరగంట తేడాలో పట్టినవి. పట్టినప్పుడు చూస్తే దేనికదే అద్దంలా ఉంది.

ఇప్పుడు చూడండి. ట్యాంకు దగ్గరది లేత గోధుమ రంగులో అలాగే ఉంది. కాలనీది కాటుకలా నల్లబడింది.

ఈ సీసాలో అడుగున ఒక కాగితం ముక్కకి మందు పట్టించి ఆరబెట్టి ఉంటుంది. గీత దాకా నీళ్ళు పోసి, మూత బిగించి, నీడలో ఒకటి రెండు రోజులు ఉంచాలి. మనిషి పేగుల్లో, పశువుల పేగుల్లో బతికే సూక్ష్మజీవులు నీటిలో ఉంటే అవి ఒక వాయువుని వదులుతాయి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుందే, అదే. ఆ వాయువు మందులోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఇది మొదటి పరీక్షే, తర్వాత ల్యాబ్‌కి పంపి మలంలో ఉండే ఈకోలై అనే సూక్ష్మజీవి ఉందో లేదో తేల్చుకోవాలి. తాగే నీరు 100 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో ఈకోలై ఒక్కటి కూడా ఉండకూడదని మన దేశపు ప్రమాణం. కానీ సీసా ఇంత నల్లబడ్డాక ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ట్యాంకుకీ కాలనీకీ మధ్య దారిలో ఎక్కడో నీళ్ళలో మలం కలుస్తోంది.

ఆ మాట సభలో అనడం కొంచెం ఇబ్బందిగానే ఉంటుందని తెలుసు. అయినా అనకుండా ఈ విషయం మాట్లాడలేం. మంచినీళ్ళ పథకం అంటే ఊరంతా వచ్చి కూర్చుంటారు, మరుగుదొడ్ల మాట ఎత్తితే సగం మంది లేచి వెళ్ళిపోతారు. రెండింటికీ వేరువేరు ఫైళ్ళు, వేరువేరు మీటింగులు. మన డెల్టాలో మాత్రం ఆ రెండూ ఒకటే పని. అది చెప్పడానికే వచ్చాను.

నిన్న పొద్దున్న మీ పంపు ఆపరేటరుతో కలిసి ట్యాంకు నుంచి కాలనీ దాకా పైపు వెంబడే నడిచాను. సిమెంటు రోడ్డు, రోడ్డు వారన మురుగు కాలువ, ఆ కాలువ ఒడ్డునే భూమిలో పైపు. ఇంటింటికీ ఇచ్చిన కనెక్షన్ల సన్నపైపులు ఆ మురుగు కాలువని దాటుకునే లోపలికి వెళ్ళాయి. కొన్నిచోట్ల అవి కాలువ అడుగున, నల్లటి బురదలో మునిగి ఉన్నాయి. ఒకచోట జాయింటుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. వేలితో నొక్కితే లోపల మెత్తగా ఉంది. ఆ జాయింటుకి జానెడు ఎగువన ఒక ఇంటి సెప్టిక్ ట్యాంకు గొట్టం కాలువలోకి తెరుచుకుని ఉంది. ఆ ఇంటివాళ్ళని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడంలేదు. ఆ వీధిలో అలాంటి గొట్టాలు చాలా చూశాను, ప్రతి ఊళ్ళోనూ చూస్తాను.

నీళ్ళు వదిలినంతసేపూ ఫరవాలేదండి. పైపులో ఒత్తిడి ఉంటుంది, నీళ్ళు బయటికి కారతాయే తప్ప బయటివి లోపలికి రావు. అసలు ప్రమాదం వాల్వు కట్టేశాక మొదలవుతుంది. మనకి పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట వదులుతారు. కట్టేయగానే పల్లంలో ఉన్న కుళాయిల్లోంచి మిగిలిన నీళ్ళు దిగిపోతాయి, పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన పైపు పీల్చుకుంటుంది. గ్లాసులో గొట్టం పెట్టి కొబ్బరినీళ్ళు పీల్చినట్టే అనుకోండి. ఆ సైకిల్ ట్యూబు చుట్టిన జాయింటులోంచి మురుగు లోపలికి వెళుతుంది. దీనికితోడు, నీళ్ళు సరిగ్గా ఎక్కడంలేదని కొందరు కుళాయికే మోటారు బిగిస్తారు. మోటారు వేసినప్పుడల్లా అది పక్కింటి నీళ్ళతోపాటు పక్క కాలువలోదీ లాగుతుంది. మరికొందరు కుళాయి కింద గొయ్యి తీసి, పైపు నేలమట్టం కంటే కిందికి దించి పట్టుకుంటారు. ఆ గొయ్యిలో ఎప్పుడూ మురికినీరు నిలబడే ఉంటుంది. సాయంత్రం మళ్ళీ వాల్వు తిప్పగానే, పైపులోకి వెళ్ళినదంతా ముందుగా వచ్చే బిందెలో పడుతుంది. ఆ మొదటి బిందె ఎవరి ఇంటిదో మీరే ఆలోచించండి.

మా చిన్నతనంలో ఈ పైపులు లేవు. మా నాయనమ్మ తెల్లవారకుండానే కాలువ రేవుకి వెళ్ళి కడవతో నీళ్ళు తెచ్చేది. ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు వచ్చేది కదండీ, కడవలో చూస్తే టీ నీళ్ళలా ఉండేది. మట్టికుండ లోపలి అంచున ఇండుప గింజ అరగదీసి, ఆ గంధం నీళ్ళలో కలిపి, మూతపెట్టేది. కొందరు చిల్లగింజ అంటారు. మర్నాటికి మట్టి అంతా అడుగుకి దిగి, పైన తేటగా కొబ్బరినీళ్ళలా ఉండేది. మేం దోసిళ్ళతో తాగేవాళ్ళం. అది మంచి విద్యే. ఇప్పుడు పెద్దపెద్ద ప్లాంట్లలో పటిక వేసి చేసేది కూడా అదే పని. కానీ తేట నీరు వేరు, శుభ్రమైన నీరు వేరు. మట్టి దిగినంత తేలిగ్గా జబ్బులు దిగవు. ఏటా వానాకాలం వస్తే మా వీధిలో ఏదో ఒక ఇంట్లో వాంతులు, విరేచనాలు, కామెర్లు. మా నాయనమ్మ కన్న ఎనిమిది మందిలో బతికింది నలుగురు. మిగతా నలుగురూ ఎందుకు పోయారని అడిగితే, పిల్లలు పోతారురా అనేది తప్ప ఇంకో మాట ఆమెకి తెలీదు.

ఇప్పుడు మనకి తెలుసు, తెలిసి కూడా అదే పొరపాటు ఇంకోలా చేస్తున్నాం. ఇంటికి టీడీఎస్ మీటరు పట్టుకుని ఒక కుర్రాడు వస్తాడు. మన కుళాయి నీళ్ళలో ముంచి 300 చూపిస్తాడు, తన ప్లాంటు నీళ్ళలో ముంచి 40 చూపిస్తాడు. చూశారా ఎంత తేడానో అంటాడు. ఆ మీటరు కొలిచేది నీళ్ళలో కరిగిన లవణాలని. 500 దాకా ఉన్నా తాగడానికి హాయిగా పనికొస్తాయి. ఆ నల్లబడ్డ సీసాలో నీళ్ళు పట్టిన రోజున మీటరు ముంచితే, ట్యాంకు నీళ్ళకీ వాటికీ చెప్పుకోదగ్గ తేడా చూపించదు. సూక్ష్మజీవి ఆ మీటరుకి కనబడదు. 20 లీటర్ల టిన్నులో నీళ్ళు ప్లాంటులోంచి శుభ్రంగానే దిగి ఉండొచ్చు, ఆ టిన్ను ఎన్నాళ్ళకి కడిగారో, దేనితో కడిగారో అడగండి.

ఆర్వో ప్లాంటు అవసరమే లేదని చెప్పను. అంతర్వేది వైపు, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు సముద్రం దగ్గర ఊళ్ళ బాధ వేరు. అక్కడ ఇసుక దిబ్బల కింద వాననీరు ఒక పలచని పొరలా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టం కంటే ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని ఒక లెక్క ఉంది. ఆ లెక్క రెండో వైపునుంచి కూడా చదవాలి. మోటార్లు పెట్టి పైన ఒక అడుగు లాగేస్తే, కిందనుంచి ఉప్పు 40 అడుగులు పైకి వస్తుంది. అందుకే ఒక తరం తాగిన నూతినీళ్ళు ఇంకో తరానికి నోట పెట్టడానికి పనికిరాకుండా పోయాయి. దీనికి రొయ్యల చెరువులు తోడయ్యాయి. 1996 డిసెంబరులో రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో తాగునీటి బావులు ఉప్పుబారిన సంగతి కూడా ఉంది. మంచినీటి చెరువు గట్టు పక్కనే ఉప్పునీటి చెరువు తవ్వడానికి పంచాయతీ ఒప్పుకుంటే, ఆ ఊట ఆగదు. అలాంటి ఊళ్ళకి దూరంనుంచి గోదావరి నీళ్ళు తేవాలి, తెచ్చేలోపు ఆర్వోతో నెట్టుకు రావాలి. కానీ కాలువ నీళ్ళు తాగే ఊళ్ళలో ఆ అవసరం లేదు. గోదావరి నీళ్ళలో లవణాలు తక్కువ. మనకి కావలసింది వడకట్టడం, క్లోరిన్ వేయడం, ఆ తర్వాత దారిలో చెడకుండా చూసుకోవడం.

వడకట్టడం గురించి నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి పథకం నా చేతికిచ్చారు. మంచినీటి చెరువు, రెండు ఇసుక ఫిల్టర్ బెడ్లు, ఒక ట్యాంకు. మీ అందరి ఊళ్ళలోనూ ఉంటాయి. ఇసుక మూడడుగుల మందాన ఉంటుంది, దాని మీద నీళ్ళు నిలబడతాయి, మెల్లగా కిందికి దిగుతాయి. చదరపు మీటరుకి గంటకి 100 నుంచి 200 లీటర్లు, అంతకంటే తొందర పెట్టకూడదు. కొన్నాళ్ళకి ఇసుక పైన పాకుడులాంటి పొర కడుతుంది. చూడడానికి అసహ్యంగా ఉంటుంది. ఒక పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నారని తెలిసి, ముందురోజు నేను రెండు బెడ్ల మీదా ఆ పాకుడంతా గీకించేశాను. ఇసుక తెల్లగా తళతళలాడింది. ఫిల్టర్ దగ్గర పనిచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, బడికి పోయిన మనిషి కాదు. ఆయన నా వెనకాలే తిరుగుతూ అన్నాడు, "బాబుగారూ, అది పెరుగుకి తోడు లాంటిదండి. గిన్నె కడిగేస్తే మళ్ళీ తోడుకోవాలి. రెండూ ఒక్కసారి కడక్కండి." నేను వినలేదు.

ఆయన చెప్పిందే శాస్త్రం. ఆ పొరలో కోటానుకోట్ల మంచి సూక్ష్మజీవులు ఉంటాయి. పైనుంచి వచ్చే జబ్బుక్రిములని పట్టి తినేది అవే. ఇసుక వాటికి ఇల్లు మాత్రమే. ఇసుక గీకవలసి వస్తే నీటిని ఇసుక మట్టానికి కొంచెం కిందికి దించి, పైన ఒక అంగుళం లోపు మాత్రమే తీయాలి. ఒకటి తీసినప్పుడు రెండోది నడుస్తూ ఉండాలి. తీసినదాంట్లోంచి వచ్చే నీళ్ళు పొర మళ్ళీ పట్టేదాకా బయటికి వదిలేయాలి, ట్యాంకుకి ఎక్కించకూడదు. నేను ఎక్కించాను. ఆఫీసరు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళారు. వారం తిరక్కుండానే ఊళ్ళో విరేచనాలు మొదలయ్యాయి. ఆసుపత్రి వరండాలో మంచాలు చాలక చాపల మీద పడుకోబెట్టారు. సెలైన్ సీసాలు కిటికీ ఊచలకి కట్టారు. ఒక ముసలమ్మ పోయింది. ఆమె పేరు, ఇంటిపేరు నాకు ఇప్పటికీ గుర్తు, ఇక్కడ చెప్పను. ఆమె కొడుకు నా దగ్గరికొచ్చి, కొత్త ఫిల్టర్లు కదండీ, మరి ఇలా ఎందుకైందండీ అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. ఆ జవాబు చెప్పడానికే అప్పటినుంచి ఇలా ఊళ్ళు తిరుగుతున్నాను.

అందుకని సర్పంచులందరికీ దండం పెట్టి అడుగుతున్నాను. మీ ఫిల్టర్ దగ్గర, పంపు దగ్గర పనిచేసే మనిషికి నెలనెలా జీతం ఇవ్వండి. చాలా ఊళ్ళలో ఆ మనిషికి జీతం నెలల తరబడి బాకీ ఉంటుంది. బ్లీచింగ్ బస్తా అయిపోతే సొంత డబ్బు పెట్టి తెచ్చేంత ఆయనకి ఉండదు. కోట్ల రూపాయల ట్యాంకు మంచిచెడ్డలు ఆయన చేతిలో ఉన్నాయి.

బ్లీచింగ్ సంగతి కూడా చెప్పేస్తాను. మంచి పౌడరైతే 1,000 లీటర్లకి 2.5 గ్రాములు అన్నది మొదటి లెక్క. 40,000 లీటర్ల ట్యాంకుకి 100 గ్రాములు. కానీ బస్తా మూతి తెరిచి పెడితే దాని బలం గాలికి పోతుంది. మన తేమలో ఇంకా తొందరగా పోతుంది. నీళ్ళు మురికిగా ఉంటే ఆ మురికే క్లోరిన్‌ని తినేస్తుంది. అందుకని లెక్కకంటే కొలత ముఖ్యం. ముందు బకెట్లో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుగుకి దిగాక పై తేట మాత్రం ట్యాంకులో పోయాలి. కనీసం అరగంట ఆగి వాల్వు తిప్పాలి. తర్వాత శివారు కుళాయి దగ్గరికి వెళ్ళి, నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూపించే క్లోరోస్కోపుతో చూడాలి. అక్కడ లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చుక్కలమందు వేస్తే లేత పసుపు రంగు వస్తుంది. అది కనబడితే దారిలో ఏదైనా కొంచెం కలిసినా చంపడానికి క్లోరిన్ మిగిలి ఉందన్నమాట. నిన్న మీ కాలనీలో వేసి చూశాను, రంగు రాలేదు. ట్యాంకు దగ్గర బాగానే వచ్చింది. దారిలో కలిసిన మురికి క్లోరిన్ మొత్తాన్నీ తినేసింది.

వాసన వస్తుందని కొందరు బ్లీచింగ్ వద్దంటారు. ఆ కొద్దిపాటి వాసనకి అలవాటు పడదాం అమ్మా. బిందెలో పట్టి మూతలేకుండా కాసేపు ఉంచితే పోతుంది.

ఇప్పుడు మరుగుదొడ్ల దగ్గరికి వద్దాం. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది, ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చారు. మన ఊళ్ళలో చాలా ఇళ్ళకి దొడ్డి వచ్చింది. ఆడవాళ్ళు చీకటి ఉండగానే చెంబు పట్టుకుని కాలువ గట్టుకి వెళ్ళే బాధ, పాము భయం, మనుషుల భయం తగ్గాయి. దాని విలువ నాకు తెలుసు, ఇక్కడున్న అమ్మలకి నాకంటే ఎక్కువ తెలుసు. అయితే గది కట్టినంత శ్రద్ధ గుంత మీద పెట్టలేదు. మెట్ట ఊరికి గీసిన బొమ్మనే మన పల్లానికీ వాడారు.

ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా మన నేల అరచెయ్యిలా చదును. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు వచ్చాయి, పొలాలు తడిశాయి, దాంతోపాటు నేల కింద నీరు పైకి వచ్చింది. సార్వా రోజుల్లో, అంటే వానాకాలం వరి రోజుల్లో, పెరట్లో మూడడుగులు తవ్వండి, నీళ్ళు కనబడతాయి. అలాంటి చోట ఆరు సిమెంటు ఒరలు కిందికి దించి, దాన్ని మరుగుదొడ్డి గుంత అంటున్నాం. ఎంత లోతు ఉంటే అంత కాలం నిండదని తాపీమేస్త్రీ చెబుతాడు. నిజమే, నిండదు. ఎందుకంటే అది నీళ్ళలోకే పోతోంది. దొడ్డి గుంత అడుగు, పక్కన చేతిపంపు గొట్టం, రెండూ ఒకే నీళ్ళలో ఉన్నాయి. గుంతకీ నూతికీ కనీసం 10 మీటర్లు దూరం ఉండాలంటారు. మూడు సెంట్ల కాలనీ స్థలంలో 10 మీటర్లు ఎక్కడినుంచి వస్తాయి?

మన నేలకి పనికొచ్చే పద్ధతి ఉంది. గుంత లోతుగా కాకుండా వెడల్పుగా, రెండు గుంతలు. సగం నేలలో, సగం నేలపైన మట్టి ఎత్తు చేసి కట్టాలి. అడుగున సిమెంటు వేసి మూసేయాలి. చుట్టూ అడుగున్నర మందాన ఇసుక నింపాలి. నీరు ఆ ఇసుకలోంచి పక్కలకి ఊరుతుంది, క్రిములు చాలావరకూ ఇసుకలోనే ఆగిపోతాయి. దొడ్డి గది అరుగు కూడా రెండు మెట్లు పైకి లేపాలి. బేసిన్ బాగా వాలు ఉన్న రకం పెడితే ఒకటిన్నర రెండు లీటర్ల నీళ్ళు చాలు, బకెట్లు బకెట్లు కుమ్మరించనక్కర్లేదు. ఒక గుంత నిండితే దాన్ని మూసి రెండోదానికి మళ్ళించాలి. రెండేళ్ళు కదపకుండా ఉంచితే లోపలిది నల్లమట్టిలా అయిపోతుంది, వాసన ఉండదు. కొబ్బరిచెట్టు మొదట్లో వేసుకోవచ్చు. నేను చేత్తో పట్టుకుని చూశాను. మా పెరట్లో అరటి దానితోనే కాసింది.

సెప్టిక్ ట్యాంకులు ఉన్నవాళ్ళ సంగతి. సెప్టిక్ ట్యాంకులోంచి వచ్చే నీరు తేటగా ఉంటుంది, కానీ దాన్నిండా క్రిములే. మళ్ళీ అదే తేట మాట. ఆ గొట్టం వీధి కాలువలోకి పెట్టకూడదు. పెరట్లో ఎత్తుగా ఇసుక పోసి, దాంట్లో మెట్టతామర, అరటి నాటి, ఆ నీటిని అందులోకి వదలాలి. స్నానాల నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు కొబ్బరి మొదట్లోకి మళ్ళించడం మన పెద్దవాళ్ళకి అలవాటే, సిమెంటు రోడ్లు వచ్చాక అన్నీ వీధిలోకి తోసేశాం. జాగా లేని చోట నాలుగైదు ఇళ్ళకి కలిపి అలాంటి ఇసుక మడి ఒకటి చేయాలి. దీనికి పంచాయతీ ముందుకు రాకపోతే ఎవరికి వారు చేయలేరు.

ట్యాంకు నిండితే బండిని పిలుస్తాం. ఆ బండి రాత్రిపూట ఎక్కడ ఖాళీ చేస్తుందో ఎవరూ అడగరు. మురుగు కోడులో, లేదంటే కాలువలో. ఆ కాలువ కిందకి వెళ్ళి ఇంకో ఊరి మంచినీటి చెరువు నింపుతుంది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే ముందు ఆ ఊరు రెండు నెలలకి సరిపడా నీళ్ళు పట్టుకుంటుంది కదండీ, ఆ పట్టుకునేది దీన్నే. ఇంకో మాట, దయచేసి మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించకండి. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ ఏర్పాట్లు లేకుండా అలా దించడం నేరం. ఆ గాలికి ఒక్క నిమిషంలో మనిషి పడిపోతాడు, పైకి లాగడానికి దిగినవాడూ పడిపోతాడు.

లంక ఊళ్ళ అన్నలు వచ్చారు, వాళ్ళ బాధ నాకు తెలుసు. 2022 జూలైలో గోదారి వచ్చినప్పుడు దొడ్లు, నూతులు, చేతిపంపులు అన్నీ ఒకే నీళ్ళ కింద ఉన్నాయి. వరద తీశాక చేతిపంపు ఆడించి పైకొచ్చిన మొదటి నీళ్ళు ఎవరూ తాగకూడదు. నూతిని తోడి, బ్లీచింగ్ వేసి, ఒక రాత్రి ఉంచి, మళ్ళీ తోడాలి. అప్పటిదాకా మరగకాచిన నీళ్ళే. లంకల్లో చేతిపంపుల గద్దెలు వరద మట్టం కంటే పైకి లేపి కట్టాలని ప్రతి వరద తర్వాతా అనుకుంటాం, వరద తీయగానే మరిచిపోతాం. ఈసారి అనుకున్నది రాసి పెట్టుకోండి.

ఇక మళ్ళీ ఆ నల్లసీసా దగ్గరికి. అది కాలనీ నీళ్ళది. ప్రతి ఊళ్ళోనూ శివారు కుళాయి ఎక్కడ ఉంటుంది? ట్యాంకు ఊరి మధ్యలో కడతాం, పైపు పెద్ద వీధుల్లోంచి పోతుంది, చివరికి పేటకి, అంటే దళితుల వాడకి, చేరేసరికి నీళ్ళు సన్నగిల్లుతాయి, దారిలో కలిసిన మురికంతా అక్కడికి చేరుతుంది. మా చిన్నప్పుడు కాలువకి పై రేవు ఒకటి, కింది రేవు ఒకటి ఉండేవి. పై రేవులో పెద్ద కులాలవాళ్ళు పట్టుకునేవాళ్ళు, కింది రేవులో పేటవాళ్ళు. రేవులు పోయాయి, పైపులు వచ్చాయి. పైపులో కూడా కింది రేవుని అలాగే ఉంచామని ఈ సీసా చెబుతోంది. ఈ జిల్లాకి ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ అంబేడ్కర్ 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువులో దిగి దోసిలితో నీళ్ళు తాగారు. అందరిదీ అయిన నీటిని అందరూ తాగాలని. దాదాపు నూరేళ్ళయింది. ఆ పేరు బోర్డు మీద ఉన్న జిల్లాలో ఆఖరి కుళాయి కూడా మొదటి కుళాయి అంత శుభ్రంగా ఉండాలి. ఇంత బాధగా ఎందుకు మాట్లాడుతున్నాడని అనుకోకండి, బాధగానే ఉంది.

డబ్బు లేదని చెప్పడం పూర్తిగా నిజం కాదు. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల పరిధిలో పెట్టిన 29 అంశాల్లో తాగునీరు ఉంది, పారిశుధ్యం ఉంది. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం ఈ రెండింటికే కేటాయించారు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకి 55 లీటర్లు ఇంటి కుళాయిలోనే ఇవ్వాలంటుంది. ఊరికో నీటి కమిటీ ఉండాలి, అందులో సగం మంది ఆడవాళ్ళుండాలి, అయిదుగురు ఆడవాళ్ళకి నీళ్ళ పరీక్ష నేర్పించాలి. మీ ఊళ్ళో ఆ అయిదుగురు ఎవరని పొద్దున్న అడిగితే, రిజిస్టర్లో పేర్లున్నాయి, ఆ అమ్మలకి మాత్రం తమ పేరు ఉందని తెలీదు. పరీక్ష పెట్టె పంచాయతీ బీరువాలో సీలు తీయకుండా ఉంది. ఇందాక కార్యదర్శిగారు తాళం తీసి ఇచ్చారు, ఇదిగో ఈ బల్ల కిందే ఉంది.

మొత్తం పైపు ఒక్కసారి మార్చమని అడగను. ముందుగా మురుగు కాలువని దాటే ప్రతి సన్నపైపుకీ పైన ఇంకో పెద్దగొట్టం తొడగాలి, లేదా కాలువ పైనుంచి తీసుకెళ్ళాలి. ఇంటికి కొన్ని అడుగుల గొట్టం, రెండు మోచేతి జాయింట్లు, ఒక పూట పని. కుళాయి గోతులు పూడ్చాలి. కుళాయి మోటార్లు విప్పించాలి. దానికి సర్పంచిగారి ఇంటి దగ్గర మొదలుపెడితే మిగతావాళ్ళు మాట్లాడరు. ఆయన ఇక్కడే కూర్చున్నారు, ఇందాకే నాతో సరే అన్నారు కాబట్టి అందరి ముందూ చెబుతున్నాను. కాలనీలో పైపు ఆఖర్న ఒక వాల్వు బిగించి, వారానికోసారి అది తిప్పి అడుగున పేరుకున్నది బయటికి వదలాలి.

పంపు ఆపరేటరుగారు చెప్పారు, ఇవాళ సాయంత్రం 5 గంటలకి నీళ్ళు వదులుతారు. నా సంచిలో ఇంకా ఆరు సీసాలున్నాయి. పొదుపు సంఘాల అమ్మలు ఎవరైనా ఆరుగురు నాతో రండి. ట్యాంకు దగ్గర ఒకటి, బడి దగ్గర ఒకటి, అంగన్‌వాడీలో ఒకటి, సైకిల్ ట్యూబు జాయింటు దాటాక ఒకటి, కాలనీలో రెండు పడదాం. సీసా మీద ఇంటి నంబరు, టైము రాయాలి, పెన్ను తెచ్చుకోండి. నీళ్ళు పట్టేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, లేకపోతే మన చేతి మురికే చూపిస్తుంది. ఎల్లుండి సాయంత్రం ఇదే చోట ఆ సీసాలు వరసగా పెట్టి చూద్దాం. ఇప్పుడు టైము నాలుగున్నర అయింది, బయలుదేరదామా అమ్మా.